మొదటి గంట పొరుగువారిది

2025 ఫిబ్రవరి 17వ తేదీ తెల్లవారుజామున 5 గంటల 36 నిమిషాలకు ఢిల్లీ నగరం ఉలిక్కిపడి లేచింది. ధౌలాకువా సమీపాన, భూమికి 5 కిలోమీటర్ల లోతున పుట్టిన భూకంపమది. తీవ్రత 4.0 మాత్రమే. ప్రాణనష్టం లేదు. అయితే కేంద్రం నగరంలోనే ఉండటంవల్ల కుదుపుతోపాటు ఉరుమువంటి ధ్వని వినిపించింది. జనం ఇళ్లు వదలి వీధుల్లోకి వచ్చారు. ఒకే మెట్లదారిని ఏళ్ల తరబడి ఎక్కి దిగుతున్నవారు కొందరు ఆనాడే మొదటిసారిగా ఒకరినొకరు తేరిపార చూసుకొని ఉంటారు.

అంతకు ముప్పైయేళ్ల పూర్వం, 1995 జనవరి 17న, ఇంచుమించు అదే వేళకు జపానులోని కోబే నగరాన్ని ఇంతకన్న ఎన్నో రెట్లు బలమైన భూకంపం కూలద్రోసింది. 6,400 మందికి పైగా మరణించారు. శిథిలాలక్రింద చిక్కి ప్రాణాలతో బయటపడినవారిలో అత్యధికులను వెలికితీసినది సైన్యం కాదు, అగ్నిమాపక దళం కాదు, ఇంటివారూ, ఇరుగుపొరుగువారూ. భూకంప కేంద్రానికి చేరువగా, అవాజీ ద్వీపంలో, హొకుదాన్ అనే చిన్న ఊరున్నది. అక్కడ ఏ ఇంట్లో ఎవరు ఏ గదిలో పడుకుంటారో పొరుగువారికి తెలుసు. కనుక కూలిన కప్పుమీద నిలబడి, ఎక్కడ తవ్వాలో వారు చెప్పగలిగారు. ఆ దినం ముగియకముందే ఊళ్లో చిక్కుకున్నవారందరి ఆచూకీ తెలిసిపోయింది.

ఈ విషయం మనకు కొత్త కాదు. 2010 నవంబరు 15వ తేదీ రాత్రి తూర్పు ఢిల్లీలోని లలితా పార్కులో అయిదంతస్తుల భవనం కూలి సుమారు 70 మంది మృతిచెందారు. ఆ యేడు యమున పొంగినప్పటి నీరు నేలమాళిగలో నిలిచి పునాదులు నానాయని అప్పట్లో అనుకున్నారు. సందులు ఇరుకు, పెద్ద యంత్రాలు లోపలికి రావడం కష్టమైంది. 2025 జూలై 12న వెల్‌కమ్ ప్రాంతంలో నాలుగంతస్తుల ఇల్లు కూలినప్పుడూ మొదట ఇటుకలు తొలగించినవి పక్కింటివారి చేతులే.

జాతీయ విపత్తు ప్రతిస్పందన దళపు 8వ బెటాలియన్ ఘాజియాబాద్‌లోనే ఉన్నది. వారి నైపుణ్యం శంకించదగినది కాదు. కాని ఒక ఇల్లు కూలితే వచ్చే దళం, ఒకేమారు వెయ్యి ఇళ్లు కూలితే ఎన్నిచోట్లకు రాగలదు? 2002 నాటి పటం ఢిల్లీని నాల్గవ భూకంప మండలంలో చేర్చింది. వరదకు ముందు హెచ్చరిక ఉంటుంది. 2023 జూలైలో యమున 208.66 మీటర్లకు చేరి 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటినప్పుడు కూడ కొంత వ్యవధి దొరికింది. భూకంపానికి ఆ మర్యాద లేదు.

కనుక ఇరుగుపొరుగులు కూడి చేసుకోవలసిన మొదటి పని, ఒక చిన్న జాబితా. ఒక్కొక్క మెట్లదారికి ఒక కాగితం చాలు. ఏ అంతస్తులో ఎందరు, నడవలేని వృద్ధులు ఎవరు, రాత్రివేళ ఎవరు ఎక్కడ పడుకుంటారు, గ్యాసు సిలిండరు ఎక్కడ, మెయిన్ స్విచ్ ఎక్కడ. ఇటువంటి వివరాలు దొంగల చేతిలో పడవా అని కొందరు సందేహిస్తారు. సందేహం సబబే. అందుకే ఆ కాగితం ఫోనులలో తిరగరాదు. ఆ మెట్లదారిలోనే రెండిళ్లలో ఉంటే చాలు.

ఆ జాబితాలో ఎవరి పేరు ఉండదన్నదే అసలు ప్రశ్న. చాలా కాలనీ సంఘాలలో సభ్యత్వం యజమానులది. అద్దెకున్నవారు, పేయింగ్ గెస్టులుగా ఉండే విద్యార్థులు, ఇంట్లోనే ఉండి పనిచేసే అమ్మాయి, గేటువద్ద నిద్రించే చౌకీదారు ఏ రిజిస్టరులోనూ కనపడరు. శిథిలాలక్రింద ఎవరున్నారో అడిగినప్పుడు వారి పేరు చెప్పేవారు ఉండరు. నా దృష్టిలో, వారిని విడిచిన జాబితా రాయనిదానితో సమానమే.

ఢిల్లీ ఇళ్లకు ప్రత్యేకమైన మరొక చిక్కున్నది. కరెంటు మీటర్లన్నీ కింద మెట్ల మొదట్లో, పార్కింగు పక్కనే ఉంటాయి. అక్కడ నిప్పు అంటుకుంటే, ఉన్న ఒక్క మెట్లదారీ పొగగొట్టమవుతుంది. కిటికీలకు ఇనుపకమ్ములు. పైకి పోవడమే దారి. మేడమీది తలుపుకో తాళం! చాలాచోట్ల మేడ హక్కు పై అంతస్తువారిది. వారు ఊళ్లో లేకపోతే తాళంచెవి కూడ ఊళ్లో లేనట్లే. గునపం, సుత్తి, మోకు, టార్చిలైటు కొనడానికి చందా వేసుకోవడం సులభం. అడ్డంగా నిలిపిన కార్లు తీయించడం, ఈ తాళంచెవి రెండవ ప్రతి సంపాదించడం అంత సులభం కాదు. పాత తగవులన్నీ అక్కడే బయటపడతాయి.

అందుచేత మొదటి సమావేశం ఎవరి డ్రాయింగురూములోనూ వద్దు. ఒక ఆదివారం సాయంత్రం మేడమీదనే పెట్టుకోండి. తలుపు తెరిచేది ఎవరో ఆ పూటనే తేలిపోతుంది.