అన్నపానలిపులు – వ్యుత్పత్తివిచారము

జపాను భాషాభ్యాసమున విద్యార్థిని మిక్కిలి భయపెట్టునది 'కంజి' లిపి. 2010వ సంవత్సరమున ఆ దేశప్రభుత్వము నిత్యవ్యవహారమునకై ప్రకటించిన పట్టికలో 2,136 అక్షరములున్నవి. వీనిని నేర్పవలసిన మార్గమేది అను ప్రశ్నకు అన్నపానవాచకములు చక్కని పరీక్షాస్థానము.

భోజనాక్షరమునకు చీనా నుండి వచ్చిన 'షోకు' అను ఉచ్చారణము, 'తబేరు' అను దేశ్యక్రియ రెండును కలవు. ఈ అక్షరమే అంగముగా చేరి పానార్థకమైన 'నోము', అన్నార్థకమైన 'మెషి' ఏర్పడినవి. 'మెషి' యందలి రెండవ అవయవము అర్థమును గాక 'హన్' అను ధ్వనిని సూచించును. మద్యవాచకమగు 'సాకే' యందు జలచిహ్నము, మద్యభాండచిహ్నము కలవు. ఆ భాండమే వెనిగరునకు చెల్లు 'సు' అక్షరమునందును కనిపించును. ధాతువు నెరిగినవానికి పదములు స్వాధీనమైనట్లు, అవయవముల నెరిగినవానికి అక్షరములు స్వాధీనమగును. కావున వల్లెవేయించుట కంటె విభజించి బోధించుటయే మేలు.

అయితే విభజన వేరు, కల్పన వేరు. భోజనాక్షరమును 'మనిషి', 'మంచి' అని విడదీసి, మనిషికి మేలు చేయునది భోజనమని వివరించుట జపానులో ప్రచారమున నున్నది. ప్రాచీనరూపములను పరిశీలించిన పండితులు మాత్రము అది మూతతో కూడిన అన్నపాత్ర యని తలచుచున్నారు. జ్ఞాపకమునకు ఉపకరించినచో కథ యైననేమి యని కొందరనవచ్చును. మండమును, అనగా గంజిని, త్రాగువాడు మండపుడని యోగార్థము. మండపమనగా కట్టడమని రూఢి. మండపమున గంజి త్రాగెడివారు గనుక ఆ పేరు వచ్చినదని బోధించువానిని ఏ శాస్త్రజ్ఞుడును అంగీకరింపడు. కంజికిని న్యాయమదియే.

ఇది కేవలము పాఠశాలాచర్చ కాదు. సంస్కృతమూలము శకలములుగా మాత్రమే లభించు మహాయాన మహాపరినిర్వాణసూత్రమున క్షీరము, దధి, నవనీతము, ఘృతము, సర్పిర్మండము అను క్రమము దృష్టాంతముగా చెప్పబడినది. చివరిదానికి చీనా అనువాదకులు వాడిన పదమును జపానువారు 'దైగో' యని పలుకుదురు. దాని రెండక్షరములందును మద్యభాండచిహ్నమే యున్నది! అవయవమునే అర్థముగా గ్రహించువాడు ఘృతసారమును మద్యమని భ్రమించును. సంస్కృతపర్యాయము తెలిసినవాడు భ్రమింపడు. నేటి జపాను వ్యవహారమున 'దైగోమి' యనగా ఒక విషయమందలి అసలైన రుచి, పరమాస్వాదము.

కావున జ్ఞాపకకథలను కథలుగానే చెప్పి, అవయవమును శాస్త్రానుసారముగా చూపి, అర్థమును ప్రయోగముచేత నిర్ణయింపవలెను. యోగరూఢివివేకము చిరకాలముగా అభ్యసించిన ప్రాచ్యకళాశాలలకు ఈ లిపి పరాయిది కానక్కరలేదు. మూలము నశించిన గ్రంథములను తిరిగి చదువుటకు ఆ వివేకమే సాధనము.