వంటగట్టు ఎవరి ఎత్తుకి?

“ఇదంతా నీ కోసమేగా!”

మా వంటిల్లు పడగొట్టి మళ్ళీ కట్టించుకున్న 52 రోజుల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నా సహచరుడు అన్నాడు. అత్తయ్య అన్నారు. పక్క ఫ్లాట్ ఆవిడ “అదృష్టవంతురాలివి, అడక్కుండానే చేయిస్తున్నారు” అంది. ప్లైవుడ్ షాపతను కూడా “మేడమ్ కోసం కదా సార్, కాస్త మంచి రకం తీసుకోండి” అన్నాడు. అందరూ కలిసి నాకేదో పెద్ద బహుమతి ఇస్తున్నట్టు! అయిదుగురు తినే అన్నం వండే గది నా ఒక్కదానిదెలా అయింది? హాల్లో సోఫా మార్చినప్పుడు అది నా కోసమని ఎవరూ అనలేదే! బాత్‌రూమ్ టైల్స్ వేయించినప్పుడు అవి అందరివీ. వంటిల్లు మాత్రం నాది.

నిజానికి ఈ మరమ్మతు మొదలైంది నా కోసం కాదు. కింది ఫ్లాటు వాళ్ళ సీలింగ్ కోసం. మాది ఇరవై ఏళ్ళు దాటిన అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. సింకు వెనక గోడలో పైపు కారి వాళ్ళ సీలింగ్ తడిసింది. గోడ పగలగొట్టక తప్పదన్నారు. ఎలాగూ పగలగొడుతున్నాం కదా అని పాత కడప బండ తీసేసి గ్రానైట్, కింద చెక్క అరలు, పైన చిమ్నీ అనుకున్నాం. ఇరవై రోజుల పనన్నారు. పనివాళ్ళు రాని రోజులు, కొలత తప్పి గ్రానైట్ వెనక్కి వెళ్ళిన రోజులు అన్నీ కలిపి 52 అయ్యాయి.

ఆ 52 రోజులూ ఇంట్లో వంటిల్లు లేదు. వంట మాత్రం ఉంది!

మా తరం ఆడవాళ్ళం విమల ‘వంటిల్లు’ కవిత చదువుతూ ఎదిగాం. ఇల్లు అలికీ అలికీ తన పేరే మర్చిపోయిన గృహిణి గురించి పి.సత్యవతి రాసిన ‘ఇల్లలకగానే’ చదివి మన పేర్లు మనకి గుర్తున్నాయో లేదో చూసుకున్నాం. వంటిళ్ళు కూలిపోవాలని సభల్లో నేనూ అన్నాను. తీరా మా వంటిల్లు నిజంగానే కూలింది. ఇటుక ఇటుకా ఊడింది. వంటపని మాత్రం ఒక్క పూట కూడా ఆగలేదు. డైనింగ్ టేబుల్ మీద ఇండక్షన్ స్టవ్, బాల్కనీలో సిలిండరూ పొయ్యీ, పడగ్గదిలో ఫ్రిజ్, పిల్లల మంచం కింద పప్పుల డబ్బాలు. వంటిల్లంటే ఓ గది అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు, అది నా మెడకి కట్టిన పని. గది పోతే పని నా వెంటే హాల్లోకి నడిచొచ్చింది.

అందరం తీరికలేని వాళ్ళమే. అతనికి ఆఫీసు, నాకూ ఆఫీసు. అమ్మాయికి ఇంటర్, అబ్బాయికి తొమ్మిదో తరగతి. ఎనిమిదింటికల్లా నాలుగు బాక్సులు కట్టాలి. అత్తయ్యకి ఉప్పు తక్కువ కూర విడిగా వండాలి. తొమ్మిదిన్నరకి మేస్త్రి వస్తాడు. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా! ఆ ‘ఎవరో ఒకరు’ తొమ్మిది రోజులు నేను, ఒక్కరోజు అతను. సెలవులు నావే ఖర్చయ్యాయి. అయినా తలుపు తీయగానే ప్రతి పనివాడూ అడిగేది ఒకటే: “సార్ లేరా?” టైల్ రంగుకీ సారే, డబ్బుకీ సారే, కుళాయి ఎటువైపు ఉండాలన్నా సారే. నా కోసమే కడుతున్న వంటింటి గురించి నన్ను అడిగింది ఒక్కటే: “మేడమ్, టీ పెడతారా?”

అయితే ఆ గందరగోళంలో నేను ఊహించనిది ఒకటి జరిగింది. గోడ పోవడంతో పని కనబడసాగింది. హాల్లో టీవీకీ వాళ్ళకీ మధ్య నేను నిలబడి పోపు వేస్తుంటే చూడక ఏం చేస్తారు? టేబుల్‌కి ఆ చివర చదువుకుంటున్న మా అమ్మాయి ఒకరోజు “అమ్మా, నువ్వు పొద్దున్నుంచీ ఒక్కసారి కూడా కూర్చోలేదు తెలుసా?” అంది. పదిహేడేళ్ళుగా ఇదే ఇంట్లో ఉన్న పిల్లకి ఆ సంగతి ఆ రోజే తెలిసింది. పదో రోజుకి మా అబ్బాయి ఉల్లిపాయలు కోస్తున్నాడు. పేపరు చదవడానికి చోటులేక అతను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు నేను. పదిహేడేళ్ళ నా వాదనలకి సాధ్యం కానిది, అడ్డుగోడ పోయేసరికి పది రోజుల్లో అయింది.

అలాగని సంబరపడకండి. వాళ్ళు చేసినదాన్ని ‘సాయం’ అన్నారు. “అమ్మకి హెల్ప్ చేస్తున్నా” అని మా వాడు ఫోన్లో స్నేహితుడికి చెప్పాడు. సాయం అంటే పని ఇంకొకరిదని అర్థం. వాడి ఆకలి వాడిదే అయినప్పుడు ఆ ఉల్లిపాయలు నావెలా అయ్యాయి?

పదహారో రోజున గట్టు ఎత్తు ఎంతన్న ప్రశ్న వచ్చింది. మేస్త్రి అతన్నే అడిగాడు. “మామూలుగా ఎంత పెడతారు?” అన్నాడతను. “ముప్పై నాలుగు అంగుళాలు సార్. అందరికీ అంతే.” నేను పక్కనే ఉన్నాను. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. పాత గట్టు ముందు ఇన్నేళ్ళూ భుజాలు పైకెత్తే కూర కలిపాను. పెద్ద గిన్నె పెట్టిన రోజు పీట ఎక్కేదాన్ని. భుజం నొప్పికి ఫిజియోథెరపీకి తిరిగాను, మాత్రలు మింగాను. నొప్పికి కారణం వయసనుకున్నాను గానీ గట్టనుకోలేదు. “నాకు ముప్పై ఒకటి కావాలి” అన్నాను. మేస్త్రి నవ్వాడు. “రేపు ఫ్లాటు అమ్మాలంటే కష్టం మేడమ్.” రేపెప్పుడో కొనబోయే, ముక్కూ మొహం తెలియనివాళ్ళ సౌకర్యం ముందు ఇవాళ వండుతున్న నా భుజం లెక్కలోకి రాలేదు.

నా సహచరుడు నా పక్షానే మాట్లాడాడు. “తన ఎత్తుకే పెట్టండి. వండేది తనేగా” అన్నాడు. ప్రేమగానే అన్నాడు. కానీ ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. వండేది తనేగా! ఇటుకా సిమెంటుతో కట్టే గట్టు ఇంకో ఇరవై ఏళ్ళుంటుంది. దాన్ని నా ఒక్కదాని ఎత్తుకి కడితే, ఈ ఇరవై ఏళ్ళూ అక్కడ నిలబడేది నేనేనని సిమెంటులో రాసిచ్చినట్టే కదా! అందరికీ ఒకటే అన్న కొలత నా ఒంటిని పట్టించుకోదు. నాకోసమన్న కొలత నన్ను తప్ప ఇంకెవర్నీ పనిలోకి పిలవదు. రెండూ నాకు అక్కర్లేదు.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. ఇవాళ మనం మాడ్యులర్ కిచెన్ అని మురిసిపోతున్నదాని మూలాలు 1926లో ఉన్నాయి. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో సామాన్యుల ఇళ్ళ కోసం మార్గరేటె షుట్టె-లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియన్ ఆర్కిటెక్ట్ ఒక వంటగది రూపొందించింది. వెడల్పు రెండు మీటర్లు కూడా లేదు, పొడవు మూడున్నర మీటర్లలోపే. అలాంటివి దాదాపు 10,000 కట్టారు. ఆమె ఉద్దేశం మంచిదే. ఫ్యాక్టరీల్లో పనికి పట్టే సమయాన్నీ కదలికల్నీ కొలిచినట్టు వంటింట్లో అడుగుల్ని కొలిచి, స్త్రీకి ఆ శ్రమా సమయమూ తగ్గించాలనుకుంది. కానీ ఆ గదిలో పట్టేది ఒక్క మనిషే. అది స్త్రీని ఇంట్లోవాళ్ళకి దూరంగా ఒంటరిగా నిలబెట్టిందని తర్వాతి తరం స్త్రీవాదులు విమర్శించారు. పని సులువు చేశారు గానీ పంచలేదు. మన బిల్డర్లు కడుతున్న ఇరుకు వంటిళ్ళలోకి కూడా ఇద్దరు వెళ్తే ఒకరు బయటికి రావాలి. ఆ వచ్చేదెవరో చెప్పాలా?

యంత్రాల కథా ఇంతే. అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్జ్ కోవాన్ 1983లో ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అనే పుస్తకంలో దీన్ని వివరంగా చెప్పింది. కొత్త పొయ్యిలూ యంత్రాలూ వచ్చి ఇంట్లో మగవాళ్ళూ పిల్లలూ చేసే పనుల్ని తీసేశాయి, తల్లి పని మిగిలింది. మా అమ్మ ఇల్లు తల్చుకుంటే నాకిది కళ్ళకి కడుతుంది. కట్టెల పొయ్యి ఉన్నప్పుడు కట్టెలు కొట్టేది మా నాన్న. నీళ్ళు తోడేది అన్నయ్య. గ్యాస్ వచ్చింది, నాన్న చేతిలో గొడ్డలి పోయింది. కుళాయి వచ్చింది, అన్నయ్య చేతిలో చేద పోయింది. అమ్మ చేతిలో గరిటె మాత్రం అలాగే ఉండిపోయింది.

అంకెలు కావాలా? 2019 నాటి జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తుంటే, చేసే పురుషులు 97 నిమిషాలు చేస్తున్నారు. అసలు ఆ పనికి చెయ్యి తగిలించే పురుషులే 26.1 శాతం. స్త్రీలు 81.2 శాతం. ఈ అంకెల్ని జస్టిస్ ఎన్.వి.రమణ 2021 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పులో ఉదహరించారు, గృహిణి పనికి విలువ ఉందన్నారు. సంతోషమే. కానీ అది రోడ్డు ప్రమాదంలో చనిపోయిన గృహిణి కుటుంబానికి ఎంత పరిహారం ఇవ్వాలన్న కేసు. మన పనికి వెల కట్టాలంటే ముందు మనం చచ్చిపోవాలా?

మర్నాడు పొద్దున అందర్నీ కూర్చోబెట్టి చెప్పాను. గట్టు రెండెత్తుల్లో కడదాం. పొయ్యి వైపు 31 అంగుళాలు, కూరగాయలు కోసేవైపూ సింకూ 34. పొడుగ్గా ఉన్న తండ్రీ కొడుకులు నడుం వంచకుండా అంట్లు తోముకోవచ్చు. హాలు వైపు గోడ మళ్ళీ లేపొద్దు. అత్తయ్య “వచ్చేపోయేవాళ్ళకి వంటిల్లంతా కనబడుతుందేమిటమ్మా?” అన్నారు. “కనబడాలనే అత్తయ్యా” అన్నాను. మేస్త్రి “సార్?” అని అతనికేసి చూశాడు. అతను కాసేపాగి, “తను చెప్పినట్టే” అన్నాడు. ఆ కాసేపట్లో అతనికేదో అర్థమైందనే అనుకుంటున్నాను.

ఇక్కడితో ఆపేస్తే నేను గెలిచినట్టుంటుంది. కానీ చెప్పాల్సినవి రెండున్నాయి.

పగలగొట్టిన గోడని మూడంతస్తుల మెట్లమీదుగా తట్టల్లో కిందికి మోసింది ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. మట్టికి లిఫ్టు వాడొద్దని అపార్ట్‌మెంటు రూలు. తట్టలు ఇద్దరివీ సమానమే, కూలి కాదు. మేస్త్రినడిగితే “ఆడకూలీ రేటంతే మేడమ్” అన్నాడు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. ఆ తేడా డబ్బులు నేనిచ్చాను. కానీ అది ఆ వారానికే. మరుసటి ఇంట్లో ఆమె కూలి మళ్ళీ పాత కూలే.

రెండోది ఇంకా దగ్గరిది. ఆ 52 రోజులూ మా ఇంట్లో పనిచేసే ఆమె బాత్‌రూమ్‌లో గొంతుక్కూర్చుని అంట్లు తోమింది. మూడో వారం ఆమే అంది: “మీ వంటిల్లు మంచిగైతాంది గని నా నడుములు పోతున్నయమ్మా.” ఆమె అడిగాకే జీతం పెంచాను. కొత్త సింకు దగ్గర మొదటిరోజు నిలబడి “ఇది నాకు ఎత్తైంది” అంది. నాకు నోట మాట రాలేదు. ఇంట్లో అందరి ఎత్తులూ కొలిచాను, ఆమె ఎత్తెంతో అడగలేదు. రోజూ పొద్దున ఆ సింకు ముందు నిలబడేది ఆమే. నేను దిగిన పీట ఆమె ఎక్కింది. ‘అందరికీ అంతే’ అన్న మేస్త్రికీ నాకూ తేడా ఏముంది?

ఇప్పుడు రాత్రి అంట్లు తండ్రీ కొడుకులవి. పొద్దున ఆమె వచ్చేసరికి సింకులో ఉండేవి కాఫీ గ్లాసులే. జీతం తగ్గించలేదు. పాలు పొంగించిన రోజు సాయంత్రం హాల్లోంచి “కొత్త వంటింట్లో మొదటి టీ నీ చేత్తోనే!” అన్న కేక వినబడింది. గోడ లేదు కాబట్టి నేను కుర్చీలో కూర్చుని ఉండటం వాళ్ళకి కనబడింది. కాసేపటికి మా అమ్మాయి లేవబోయింది. “నువ్వు కాదు” అన్నాను. అబ్బాయి లేచాడు. అల్లం ఎక్కువై టీ ఘాటుగా ఉంది. తాగాం.

రేపు మీ ఇంట్లో వంటిల్లు బాగుచేయిస్తూ ‘నీ కోసమే’ అంటే థాంక్స్ చెప్పకండి. గ్రానైట్ రంగు తర్వాత చూసుకోవచ్చు. ముందు టేపు తీసుకుని ఇంట్లో తినేవాళ్ళందరి ఎత్తులూ కొలవండి. పనికి వచ్చే మనిషి ఎత్తు కూడా. నేను మర్చిపోయాను, మీరు మర్చిపోకండి.