డిప్ప మెత్తబడితే

అదృష్టం కలిసొస్తుందని వర్ధన్నపేటలో ఎవరైనా నక్షత్ర తాబేలు పిల్లను తెచ్చుకుంటే, ముందు దాని డిప్పను చూడండి. అది పైన తొడిగిన కవచం కాదు, వెన్నెముకా పక్కటెముకలూ కలిసిపోయి పెరిగిన ఎముక. దెబ్బ తగిలితే నొప్పి తెలుస్తుంది. అద్దాల పెట్టెలో ఉంచి అన్నం, బ్రెడ్డు పెడితే కాల్షియం చాలదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అద్దం ఆపేస్తుంది, దాంతో విటమిన్ డి తయారవక డిప్ప మెత్తబడుతుంది. పసి తాబేలు డిప్ప కాస్త మెత్తగా ఉండటం సహజమే, కానీ పెరిగేకొద్దీ గట్టిపడాలి. వేలితో నొక్కితే లొంగుతోందంటే ఆ ప్రాణి లోలోపల కుంగుతున్నట్టే. అసలు దీన్ని ఇంట్లో పెంచడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. జాలిపడి చెరువులో వదలకండి, ఇది నేల తాబేలు, మునిగిపోతుంది. అటవీ శాఖకు అప్పగించండి.