పరిశోధన పని మన పిల్లలకు నేర్పే దారి

పరీక్షా ఫలితాలు వచ్చే రోజులలో హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు నేతవారి ఇళ్లలో ఒకే లెక్క వినపడుతుంది. మార్కులు బాగా వస్తే డాక్టరీ, కొంచెం తగ్గితే ఇంజనీరింగు, ఆ రెండూ అందకపోతే ఫ్యాక్టరీ గేటు. నాలుగవ దారి ఒకటి ఉన్నదని మన పెద్దలలో చాలమందికి తెలియదు. జబ్బు ఎందుకు వస్తున్నది, మందు ఎట్లా పనిచేస్తున్నది అని తేల్చే వైద్య పరిశోధన అది. ఆ దారిని పిల్లలకు తొమ్మిది, పది తరగతులలోనే చూపించవలెననీ, ఆ పని మన సంఘమే తలకెత్తుకోవలెననీ నా అభిప్రాయం.

మగ్గం పని మనలో ఎవరూ పుస్తకం చదివి నేర్వలేదు. ముందు కండెలు చుట్టినాము, తరువాత తెగిన పోగు అతికినాము, ఆ తరువాతనే గుంటలో కాళ్లు పెట్టినాము. పక్కన తండ్రియో మేనమామయో కూర్చుని బిగువు చూడమని చెప్పుతూనే ఉన్నారు. పరిశోధన కూడ ఇట్లాగే చేతిపక్కన చేయి పెట్టి నేర్చుకోవలసిన పని. బడిలో చెప్పేవి ఇతరులు ఎప్పుడో తేల్చిన జవాబులు. జవాబు ఇంకా ఎవరికీ తెలియని ప్రశ్నను పట్టుకుని ఏడాదిపాటు విసుగు లేక కూర్చోవడం ఒక గురువు ఉంటేనే అలవడుతుంది. మనకు కావలసినది డబ్బుకంటె ముందు అట్టి గురువు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు వినే ఉంటారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడవసారి గట్టెక్కిన విద్యార్థి ఆయన. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను తొడుగుకొని వచ్చినాడని శస్త్రచికిత్స ఆచార్యునికి ఆగ్రహం కలిగి, ఎం.బి.బి.యస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే బయటికి రావలసివచ్చింది. (చేనేత బట్ట కట్టినందుకు శిక్ష పడిన ఈ శాస్త్రజ్ఞుణ్ణి మనం మరచిపోవడం న్యాయం కాదు.) అమెరికాలో హార్వర్డు చేరి, సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించినారు. బోదకాలుకు వాడే మందు, కాన్సరుకు వాడే మెథోట్రెక్సేటు ఆయన నడిపిన పరిశోధనల ఫలమే.

మన పిల్లలకు ప్రశ్న కోసం అమెరికా పోనక్కరలేదు. వారి నోటిలోనే ఉన్నది. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల భూగర్భ జలంలో ఫ్లోరైడు అధికమని అందరికీ తెలిసినదే. పండ్లపై పసుపు, గోధుమ రంగు చారలు దాని గుర్తు. మన దేశంలో ఈ జబ్బును గూర్చి 1937లో వైద్యులు మొదట ప్రకటించినది కూడ తెలుగు పల్లెలను చూచియే, నెల్లూరు జిల్లాలో. ఇక్కడ 2013లో హోగెనక్కల్ కావేరి నీటి పథకం ప్రారంభమైనది. నోటిలోకి రాకముందే, దవడలో తయారయ్యేటప్పుడే పంటికి ఈ చార పడుతుంది. అట్లయితే ఆ నీళ్లు వచ్చిన తరువాత పుట్టిన తమ్మునికి, ముందు పుట్టిన అన్నకంటె చారలు తగ్గినవా? మన వీధిలో ఎన్ని ఇళ్లలో తగ్గినవి? కుళాయి వచ్చినా బోరు నీళ్లే తాగే ఇళ్లు ఎన్ని?

పదవ తరగతి పిల్ల చేయగల పని ఇది. దంతవైద్యుడు ఒకరు చారల తరగతులు గుర్తించడం నేర్పవలె. ఏ ఇంటి నీరో తెలియనివారు పండ్లు చూడవలె, లేకుంటే కన్ను మోసం చేస్తుంది. నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినదా అని కొలవవలె. చారలు తగ్గలేదని తేలినా దాచక వ్రాయవలె. ఆ చివరిది నేర్చుకున్న పిల్ల సగం శాస్త్రజ్ఞురాలైనట్లే. నల్లగొండ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును దింపుతారు. పటిక రంగును నూలుకు ఎట్లా పట్టిస్తుందో ఎరిగిన అద్దకపు ఇంటి బిడ్డకు, అది నీటిలో ఏమి చేస్తున్నదో చెప్పడం కష్టం కాదు. థర్మోకోలు బొమ్మలు కొనితెచ్చి సైన్సు ప్రదర్శనలో నిలబెట్టడంకన్న ఇది వేయి రెట్లు మేలు.

మరి గురువులెవరు? కృష్ణగిరిలో 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. హోసూరుకు నలభై కిలోమీటర్లలో ఉన్న బెంగుళూరులో 1909నాటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు, నిమ్‌హాన్స్, ఎన్.సి.బి.ఎస్. ఉన్నవి. అట్టి చోట్ల చదివే, పనిచేసే మన బిడ్డలను వెదకి, ఒక్కొక్కరు ఇద్దరు పిల్లలను ఏడాదిపాటు చూచుకొనవలసినదిగా సంఘం అడగవలె. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. బడిపిల్లలను పిలిచి ప్రయోగశాల పని చూపించినది. ఊరి సమస్యను పిల్లలే పరిశోధించే జాతీయ బాలల సైన్సు కాంగ్రెసు 1993లో మొదలైనది. మనది కొత్త సాహసమేమీ కాదు.

పెద్దల అభ్యంతరం ఒకటి బలమైనదే. పదునెనిమిదేండ్లకు ఫ్యాక్టరీ జీతం ఇంటికి వస్తుంటే, ఇరువది ఎనిమిది వరకు చదివించేదెట్లా? ఈ దారి పొడుగు, అబద్ధం చెప్పకూడదు. అయితే దారిలో కొంత కూలి ఉన్నది. పన్నెండవ తరగతిలో అగ్రశ్రేణిలో నిలిచి సైన్సు డిగ్రీలో చేరినవారికి ఇన్‌స్పైర్ ఉపకారవేతనం ఏడాదికి రు. 80,000. పి.హెచ్‌.డి. చేసేవారికి జూనియర్ ఫెలోషిప్పు 2023 నుండి నెలకు రు. 37,000. కిశోర వైజ్ఞానిక యోజనను మాత్రం 2022లో ఇన్‌స్పైర్‌లో కలిపివేసినారు. దాని పేరు చెప్పి రుసుము అడిగేవారిని నమ్మవద్దు. పిల్లవాని పేరు పరిశోధన పత్రంలో వేయిస్తామని వేలకు వేలు అడిగేవారిని అసలే దగ్గరకు రానీయవద్దు. చేయని పనికి పేరు వేయించుకోవడం మిల్లు బట్టపై చేనేత ముద్ర కొట్టడం వంటిది.

ఆడపిల్లలను వెనుకకు నెట్టవద్దని వేరుగా చెప్పుతున్నాను. కండెలకు చేతులు చాలవని బడి మాన్పించే మొదటి బిడ్డ ఇప్పటికీ ఆడపిల్లయే.

ఈ సంవత్సరానికి ఆరుగురు పిల్లలు చాలును. బస్సు చార్జీలు, నోటుపుస్తకాలు సంఘ నిధినుండి ఇవ్వవచ్చును. పండ్లు చూచే ముందు తల్లిదండ్రుల సంతకం తప్పక కావలె. ఆ కాగితం తెలుగులోను, తమిళంలోను అచ్చువేయించి, సంతకానికి ముందు చదివి వినిపించవలె.