నడి ఎండల్లో జీవవైవిధ్యం

మే వచ్చిందంటే చాలు, నా వాట్సాప్ ఆహ్వానాలతో నిండిపోతుంది. 22న అంతర్జాతీయ జీవవైవిధ్య దినం కదా! ఆన్‌లైన్ తరగతులు, ఫొటో పోటీలు, పక్షులను చూసే నడకలు. ఏ దేశంలో ఏం జరుగుతోందో, ఎక్కడ ఏం నేర్చుకోవచ్చో ఒకరికొకరు చెప్పుకోవడం మంచిదే. ఈ వారం అందిన ఒక పోస్టరు మాత్రం ఒళ్లు మండించింది. బడిపిల్లలను వెంటబెట్టుకుని ఉదయం పదకొండింటికి చెరువు గట్టుకు రావాలట!

ఏ బడి? ఏ పిల్లలు? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏప్రిల్ చివర్లో తాళం పడిన బడులు జూన్ రెండో వారానికిగానీ తెరుచుకోవు. రోళ్లు పగిలే రోహిణి కార్తె గుమ్మంలో ఉంది. పదకొండింటికి పిట్ట కూడా కొమ్మ దిగదు.

ఈ దినం మొదట డిసెంబర్ 29న ఉండేది. ఏడాది చివర సెలవుల్లో కార్యక్రమాలు పెట్టుకోవడం చాలా దేశాలకు కష్టంగా ఉందని 2000లో ఐక్యరాజ్యసమితి దాన్ని మే 22కు జరిపింది. వాళ్ల సెలవులకు తేదీ జరిగింది. మన వేసవి సెలవులు ఎవరికి గుర్తొచ్చాయి?

నగరాల్లో కనిపించే జీవజాతులను జనం నమోదు చేసే సిటీ నేచర్ ఛాలెంజ్‌దీ అదే వరస. 2016లో లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో నగరాల మధ్య పోటీగా మొదలై ప్రపంచమంతా పాకింది. ఏప్రిల్ చివర్లో వాళ్లకు పూలు విచ్చే కాలం, మనకు వడగాడ్పుల కాలం. దక్షిణార్ధగోళం వాళ్లు ఊరుకోలేదు, తమ వసంతానికి సరిపోయేలా 2020లో అలాంటిదే గ్రేట్ సదర్న్ బయోబ్లిట్జ్ పెట్టుకున్నారు. మనం మాత్రం వచ్చిన పోస్టరును వచ్చినట్టే ఫార్వర్డ్ చేస్తాం.

మనకు కార్తెలు లేవా? తొలకరి పడగానే తడి నేల మీద ఎర్రటి మఖమల్ గుండీల్లా ఆరుద్ర పురుగులు తిరుగుతాయి. వేలు తగిలితే కాళ్లు ముడుచుకుని కదలక పడుంటాయి. అగ్గిపెట్టెలో దాచుకోని పల్లె పిల్లలున్నారా? అప్పటికి బడులూ తెరిచే ఉంటాయి. విద్యాశాఖలు ఆరుద్ర కార్తెలో జీవవైవిధ్యానికి ఒక్క రోజు కేటాయిస్తే పోయేదేముంది?

కాలం ఎరిగి చేసేవాళ్లూ ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు సంక్రాంతి వేళ పాత పంటల జాతర మొదలుపెడతారు. వానాకాలం పంట ఇంటికి చేరి రైతుకు కాస్త తీరిక చిక్కే సమయం. జొన్న, కొర్ర, సామ విత్తనాలను ఎడ్లబండ్ల మీద పేర్చుకుని ఊరూరా తిరుగుతారు. 2019లో వాళ్లను ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ల దగ్గర నేర్చుకోవడానికి ఎన్ని పోస్టర్లు తిరిగాయి?

తేదీ మారిస్తే సరిపోతుందా అంటే, అదీ లేదు. 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒప్పంద దేశాల 11వ సదస్సు హైదరాబాద్‌లోనే జరిగింది. వానాకాలం వెళ్లీ వెళ్లని చక్కటి కాలం. ఆ గుర్తుగా బయోడైవర్సిటీ పార్కు పెట్టాం. నేడు నగరంలో ‘బయోడైవర్సిటీ’ అంటే ట్రాఫిక్ జామ్ అయ్యే కూడలి. 2019లో దాని మీద ఫ్లైఓవర్ కూడా వేశాం. అక్కడికి దగ్గర్లోనే కంచ గచ్చిబౌలిలో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపమనేదాకా చెట్లు కూల్చే బుల్డోజర్లు ఆగలేదు. లోకాన్ని పిలిచి సదస్సు చేయడం మనకు బాగానే వచ్చు. వచ్చినవాళ్లకు చూపించడానికి నాలుగు చెట్లు మిగల్చడమే చేతకాలేదు.