ఫైలు కొడుకు చేతిలో, నొప్పి తండ్రి ఒంట్లో

చేవెళ్ల నుంచి మెహదీపట్నం పోయే పొద్దుటి బస్సులో ఎక్స్‌రే కవరు ఒక్కటైనా కనబడుతుంది. పూలమూటలు, టమాట గంపల నడుమ అది నలగకుండా ఎవరో ఒకరు ఒళ్లో నిలబెట్టి పట్టుకుని ఉంటారు. ఈమధ్య మొయినాబాద్‌లో ఎక్కి నా పక్కన కూర్చున్న పిల్లవాడి ఒళ్లోనూ అదే. కిటికీ వైపు వాళ్ల నాయిన. ఏమైందని అడిగితే ఆయనే చెప్పాడు: "దమ్ము సారు. నెమ్ము చేరిందంట." దిగేటప్పుడు కొడుకు వెనకబడి నా చెవిలో అన్నాడు: "క్యాన్సర్ సారు. ఎంఎన్‌జేకు పోతున్నం. నాయినకు చెప్పలే, ఎరికైతే తట్టుకోడు."

రెడ్‌హిల్స్‌లో ఆ ఆసుపత్రి బోర్డు మీదే క్యాన్సర్ అని రాసి ఉంటుంది. వరండాల్లో జుట్టు రాలినవాళ్లు వరసగా కూర్చుని ఉంటారు. అక్కడికి పోయాక ఆయనకు తెలియకుండా ఉంటుందా? తెలుస్తుంది. కానీ కొడుకు బాధపడతాడని ఆయన అడగడు, తండ్రి కుంగిపోతాడని వీడు చెప్పడు. ప్రేమతోనే ఇద్దరూ ఒంటరివాళ్లవుతారు.

దాచడంలో ప్రేమ ఉంది, నష్టమూ ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ అంతా ఒకటే రకం కాదు. ముక్క పరీక్షలో ఏ రకమని తేలింది, ఎంతవరకు పాకింది, జన్యు పరీక్ష అవసరమా అన్నవి డాక్టరును అడగాల్సిన మాటలు. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉంటే మాత్రలతోనే వైద్యం చేసే వీలుంది. పొగతాగని వాళ్లలో ఈ మార్పు ఎక్కువ. అంటే బీడీ ముట్టని ఆడవాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. ఎక్స్‌రేలో మచ్చ చూసి, కఫం పరీక్షలో తేలకుండానే నెలల తరబడి టీబీ మందులు మింగినవాళ్లూ మన దగ్గర తక్కువేం కాదు. మందులు పనిచేయకపోతే మళ్లీ అడగాలి. అడగాలంటే తన జబ్బేమిటో రోగికి తెలియాలి.

ఒక అపోహ కూడా ఉంది. నొప్పి, ఆయాసం చూసే పాలియేటివ్ వైద్యం అంటే 'ఇగ చేతులెత్తేసిన్రు' అనుకుంటారు. అమెరికాలోని బోస్టన్‌లో 151 మంది రోగుల మీద జరిగిన పరిశోధన 2010లో అచ్చయింది. అందరిదీ ఊపిరితిత్తుల క్యాన్సరే, అప్పటికే ఒంట్లో ఇతర భాగాలకు పాకింది. మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచే ఈ వైద్యం అందుకున్నవాళ్లు సగటున 11.6 నెలలు బతికారు. అందనివాళ్లు 8.9 నెలలు. దిగులూ ఈ వైద్యం అందుకున్నవాళ్లలోనే తక్కువ. చేతులెత్తేసిన వైద్యం ఆయుష్షు పెంచుతుందా?

ఈ వైద్యానికి పట్నమే పోనక్కర్లేదు. చేవెళ్ల ప్రభుత్వాసుపత్రిలోనే పాలియేటివ్ కేంద్రం ఉంది. ఇంటికే వచ్చి చూసే బృందాలూ రాష్ట్ర పాలియేటివ్ కార్యక్రమంలో భాగం. ఈ వైద్యంలో తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ అంటే జనానికి భయం. 1985 నాటి మత్తుమందుల చట్టం డాక్టర్లనూ భయపెట్టింది. 2014లో ఆ చట్టాన్ని సవరించి దారి సులువు చేశారు. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు వేసుకుంటే మార్ఫిన్ నొప్పికి మందే. ఆయాసం వచ్చినప్పుడు ముఖం మీద మెల్లగా గాలి తగిలినా ఊపిరి కొంత తేలికపడుతుంది. దానికి ఇంట్లో మూలనున్న విసనకర్ర చాలు. విసిరే చెయ్యి ఉండాలి, అంతే.

ఆ పిల్లవాడికి బస్సులో చెప్పలేకపోయిన మాట ఇక్కడ చెబుతున్నాను. తమ్ముడూ, ఒక్కసారే అంతా చెప్పకు. ముందు నాయినను అడుగు: "నీకు ఏమైందనుకుంటున్నవ్ నాయినా?" ఆయన చెప్పింది విను. ఎంత తెలుసుకోవాలో ఆయననే తేల్చుకోనీ. తిరిగొచ్చేటప్పుడు మొయినాబాద్ దాటి చేవెళ్ల ఆసుపత్రి దగ్గర దిగండి, ఇద్దరూ.