దారం నంబరు, టోపీ కొలత, చేతి కూలి

క్రోషియా పని కొత్తగా నేర్చుకునే సోదరీమణులను మొదట తికమకపెట్టేది సూది కాదు, దారపు ఉండ మీద అచ్చయిన అంకె. 5, 10, 20, 40, 80 అని వరుసగా కనిపిస్తాయి. అంకె పెద్దదైతే దారమూ లావుగా ఉంటుందని అనుకోవడం సహజం. కానీ ఇక్కడ లెక్క తలకిందులు. అంకె పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది. 5 నంబరు దారం లావుగా, బరువుగా ఉంటే, 80 నంబరు దారం సన్నని లేసు అంచులకు తప్ప మరి దేనికీ పనికిరానంత నాజూకుగా ఉంటుంది.

ఈ తలకిందుల లెక్క ఇంగ్లండు నూలు మిల్లుల నుండి వచ్చింది. ఒక పౌను బరువు గల నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయో ఆ సంఖ్యే నూలు నంబరు. పౌనుకు పది చిలపలు వస్తే 10 నంబరు, నలభై వస్తే 40 నంబరు. బరువు మారదు, పొడవు పెరుగుతుంది, కనుక నూలు సన్నబడక తప్పదు. మన చేనేత ఇళ్లలో 40, 80, 100 నంబరు నూలు అనే మాట వినిపించేది ఈ కొలతను బట్టే.

అయితే మగ్గం మీది 40 నంబరు నూలు, క్రోషియా 40 నంబరు దారం ఒకటి కావు. మగ్గం నూలు సాధారణంగా ఒంటి పేట. క్రోషియా దారంలో పలు పేటలను కలిపి గట్టిగా పురి తిప్పుతారు. ఒక గ్రాము 40 నంబరు ఒంటి పేట నూలు 67 మీటర్లకు పైగా సాగుతుంది. అదే గ్రాము క్రోషియా 40 నంబరు దారం సుమారు 11 మీటర్లే వస్తుంది. ఆరు రెట్ల తేడా! కనుక నేతవారి ఇంట మిగిలిన చిలపను తెచ్చి లేసు అల్లుదామనుకునే వారు ముందుగా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇంకొక చిక్కు ఉంది. 20 నంబరు దారం 10 నంబరులో సగం బరువుండాలి కదా అని లెక్క వేస్తే అదీ తప్పుతుంది. బజారులో దొరికే 50 గ్రాముల ఉండలను చూస్తే 10 నంబరు సుమారు 260 మీటర్లు, 20 నంబరు సుమారు 380, 40 నంబరు సుమారు 550 మీటర్లు వస్తాయి. అంకె రెట్టింపయినా పొడవు రెట్టింపు కాలేదు. పాత మిల్లు లెక్క పేరుకు మిగిలింది, కంపెనీలు తమ తమ అలవాటు ప్రకారం అంకెలు వేసుకుంటున్నాయి. ఒక కంపెనీ 20 నంబరు మరొక కంపెనీ 20 నంబరుకు సరిగ్గా సమానం కాకపోవడానికి కారణం ఇదే. నా అభిప్రాయంలో చీటీ మీద అసలు చదవవలసింది నంబరును కాదు, గ్రాములను, మీటర్లను. మీటర్లను గ్రాములతో భాగిస్తే వచ్చేది నమ్మదగిన కొలత. 10 నంబరుకు అది 5కు కొంచెం పైగా, 20 నంబరుకు ఏడున్నర ప్రాంతంలో ఉంటుంది.

ఈ భాగహారం మరొక మేలు కూడా చేస్తుంది. ఎంబ్రాయిడరీ దుకాణాల్లో దొరికే పెర్ల్ కాటన్ మీద 3, 5, 8, 12 అనే అంకెలుంటాయి. అవి వేరే వరుస. పెర్ల్ 5 నంబరు గ్రాముకు 5 మీటర్లు, అంటే క్రోషియా 10 నంబరుకు దగ్గర. పెర్ల్ 8 నంబరు గ్రాముకు 8 మీటర్లు, క్రోషియా 20 నంబరుకు దగ్గర. అంకె చూసి కొంటే మోసపోతాము, భాగించి చూస్తే దారి దొరుకుతుంది. చీటీ చిరిగిపోయిన పాత ఉండ అయితే, తెలిసిన దారాన్ని ఒక స్కేలు మీద సెంటీమీటరు మేర వరుసగా చుట్టి, దాని పక్కనే తెలియని దారాన్ని కూడా అంతే బిగువుతో చుట్టండి. చుట్లు సమానంగా వస్తే మందం సమానం.

సూది విషయంలోనూ నంబర్లను పక్కన పెట్టి మిల్లీమీటర్లనే చూడటం మంచిది. 10 నంబరు దారానికి 1.5 నుండి 1.75, 20కి 1.25 ప్రాంతం, 40కి 1, 80కి 0.6 మిల్లీమీటర్ల సూది సాధారణంగా సరిపోతుంది. బిగించి అల్లే చేయి అయితే ఒక మెట్టు పెద్దది, వదులుగా అల్లే చేయి అయితే ఒక మెట్టు చిన్నది తీసుకోవాలి.

ఇప్పుడు నమాజు టోపీ సంగతికి వద్దాం. మన ఇళ్లలో క్రోషియా ఎక్కువగా కదిలేది దీని కోసమే. పెద్దవారి తల చుట్టుకొలత 57 సెంటీమీటర్లు అనుకుందాం. 10 నంబరు దారంతో మీ చేతికి 10 సెంటీమీటర్లలో 36 కుట్లు వస్తున్నాయంటే, టోపీ అంచుకు సుమారు 205 కుట్లు కావాలి. అదే నమూనాను, అవే 205 కుట్లను 20 నంబరు దారంతో అల్లారనుకోండి. అప్పుడు 10 సెంటీమీటర్లలో 44 కుట్లు పడితే టోపీ చుట్టుకొలత 47 సెంటీమీటర్లకు దిగిపోతుంది. ఇంటి పెద్ద కోసం మొదలైన టోపీ ఏడాది బిడ్డ తలకు సరిపోతుంది! పండుగ ముందు రోజు రాత్రి ఈ సంగతి బయటపడితే విప్పి మళ్లీ అల్లే వ్యవధి ఉండదు. అందువల్ల ముందుగా నాలుగు అంగుళాల చదరపు ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి, అప్పుడు కుట్లు లెక్కించాలి. ఉతకకుండా తీసిన కొలత సగం కొలతే.

ఉతుకు మాట వచ్చింది కనుక మెర్సరైజ్డ్ దారం గురించి ఒక్క మాట. నూలును గాఢమైన క్షారంలో ముంచితే బలం, రంగు పట్టే గుణం పెరుగుతాయని 1844లో లాంకషైరుకు చెందిన జాన్ మెర్సర్ గమనించారు. అప్పుడు నూలు కుంచించుకుపోయేది. 1890లో హోరేస్ లో దాన్ని బిగించి లాగి పట్టి ముంచే పద్ధతి కనుగొన్న తర్వాతే ఆ మెరుపు వచ్చింది. తరచుగా ఉతికే టోపీకి ఇదే మేలు. వంటింటి చేతిగుడ్డకు మాత్రం మామూలు నూలే నీటిని బాగా పీల్చుకుంటుంది.

ఇక కూలి లెక్క. అల్లిక పనితో నాలుగు రూపాయలు సంపాదించే సోదరీమణులు ఈ భాగాన్ని నిదానంగా చదవాలి. పైన చెప్పిన రెండు కొలతలనే తీసుకోండి. అదే వైశాల్యం గల గుడ్డకు 10 నంబరుతో వంద కుట్లు పడితే, 20 నంబరుతో దాదాపు 150 పడతాయి. కూలిని దారం బరువును బట్టి కడితే తేడా ఇంకా పెరుగుతుంది. ఒక్కో కుట్టుకు తక్కువ దారం పడుతుంది, గ్రాముకు ఎక్కువ మీటర్లు వస్తాయి, కనుక 50 గ్రాముల ఉండ అయిపోయేసరికి 10 నంబరుతో పోలిస్తే దాదాపు 1.8 రెట్ల కుట్లు అల్లవలసి వస్తుంది. "దారం మారింది గానీ డిజైను అదే కదమ్మా, రేటు కూడా అదే" అని అప్పగించేవారు అంటే, ఈ లెక్క కాగితం మీద వేసి చూపండి. గొడవ అక్కరలేదు, అంకెలు చాలు.

ఇది చిన్న విషయమని కొట్టివేయడానికి లేదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతపు క్రోషియా లేసు విదేశాలకు వెళ్లే సరుకు, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. అక్కడి స్త్రీల శ్రమ మీద జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఒక పుస్తకమే వెలువరించారు. ఇంటి గడప దాటకుండా చేసే పని గనుక దాన్ని తీరిక వేళ కాలక్షేపంగా లెక్కగట్టారనీ, లాభం మాత్రం వ్యాపారులకు చేరిందనీ ఆమె పరిశీలన. గంటల లెక్క చెప్పలేని చోట కుట్ల లెక్క అయినా చెప్పగలగాలి.

కొనేటప్పుడు మరొక జాగ్రత్త. పెద్ద పని తలపెడితే దారమంతా ఒకేసారి, ఒకే లాటు నుండి తీసుకోండి. లాటు సంఖ్య చీటీ మీద ఉంటుంది. తెలుపులో కూడా ఒక లాటుకు మరొక లాటుకు ఛాయ మారుతుంది, ఆ తేడా దుకాణం దీపాల కింద తెలియదు, పగటి వెలుతురులో బయటపడుతుంది. చదరపు ముక్క తూకం వేసి, మొత్తం వైశాల్యంతో హెచ్చవేస్తే ఎన్ని ఉండలు కావాలో తెలుస్తుంది. దానికి ఒక ఉండ అదనంగా చేర్చి, చీటీని పని పూర్తయ్యే వరకు సూదుల డబ్బాలోనే దాచి ఉంచండి.